హెర్బేరియం గది ఖాళీ చేయమన్నారు. ఏడాది గ్రాంట్ కాదు, కలకాలం నిలిచే దారేదైనా ఉందా?

తుమ్మచెట్టు
మాది ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం. పేరు చెప్పను, చెప్తే నేనెవరో తెలిసిపోతుంది. బోటనీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్తాను. మూడో అంతస్తు చివర మా హెర్బేరియం గది ఉంది, ఎండు మొక్కలు దాచే చోటు. పదిహేడు ఇనప బీరువాలు, లోపల దాదాపు పద్నాలుగు వేల ఎండు మొక్కల షీట్లు. నల్లమల, ఎర్రమల, శేషాచలం, పాపికొండలు... నలభై ఏళ్లపాటు మా సార్లు, వాళ్ల స్కాలర్లు ఎర్రబస్సుల్లో తిరిగి తెచ్చినవి. క్యూరేటర్ సార్ రిటైరై తొమ్మిదేళ్లయింది. ఆ పోస్టు అప్పటినుంచీ ఖాళీయే. తాళంచెవి మాత్రం చేతులు మారి మారి నా దగ్గరకొచ్చింది.

పోయిన వారం కాగితం వచ్చింది. ఆ గది కంప్యూటర్ ల్యాబ్‌కి కావాలట. "స్పెసిమెన్లను స్కాన్ చేసి, అవసరం లేనివి తొలగించవలెను" అని. అవసరం లేనివి ఏవో తేల్చేది ఎవరో అందులో లేదు.

ఇదివరకు రెండుసార్లు ప్రాజెక్టు డబ్బు వచ్చింది. ఒకసారి బీరువాలు కొన్నారు, ఒకసారి స్కానర్ కొన్నారు. జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) అమ్మాయి మూడేళ్లు చక్కగా పనిచేసింది, ప్రాజెక్టు అయిపోయింది, వెళ్లిపోయింది. ఇప్పుడు కలరా ఉండలు నా జీతంలోంచే కొంటున్నా, అదీ జీతం వచ్చిన నెలల్లో. ఇలాంటివాటిని ముప్పై నలభై ఏళ్లు నిలబెట్టిన పద్ధతి ఎక్కడైనా ఉందా?

మసాలాదోశ
స్కాన్ చేసి పారేయడమంటే, ఆవకాయకి ఫొటో తీసి జాడీ కడిగేసినట్టుంది.

పాతబీరువా
నేను ముప్పై ఏళ్లు ఇదే పని చేసి రిటైరైన వాణ్ణి. సలహా తర్వాత, ముందు మూడు ప్రశ్నలు.

మీ హెర్బేరియానికి ఇండెక్స్ హెర్బేరియోరమ్‌లో కోడ్ ఉందా? న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ వాళ్లు నడిపే పట్టిక అది. ప్రపంచంలో మూడున్నర వేలకు పైగా హెర్బేరియాలు, 40 కోట్లకు దగ్గరగా షీట్లు అందులో లెక్కకెక్కాయి. నమోదుకి పైసా ఖర్చు లేదు.

టైప్ షీట్లు ఉన్నాయా? అంటే ఒక మొక్కకి మొదటిసారి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆధారంగా చూపిన షీట్. మామూలుగా ఎర్ర ఫోల్డర్లో విడిగా పెడతారు.

ఈ పద్నాలుగు వేలూ స్టాక్ రిజిస్టర్లో ఎక్కాయా, లేక బీరువాలు మాత్రమే ఎక్కాయా?

మూడోదానికి జవాబు నాకు తెలుసు. అయినా చెప్పండి.

తుమ్మచెట్టు
కోడ్ ఉంది మాస్టారూ. ఎర్ర ఫోల్డర్లు నాలుగు కనబడ్డాయి, విప్పి చూడలేదు. స్టాక్ రిజిస్టర్లో "ఇనప బీరువాలు 17" అని ఉంది. అంతే.

పాతబీరువా
అనుకున్నా. అంటే యూనివర్సిటీ లెక్క ప్రకారం మీ దగ్గరున్నది ఇనుము. అందులో ఉన్నది ఆకులో పాత పేపర్లో వాళ్లకి తెలియదు. రేపు పాత సామాను తీసేసే కండెమ్నేషన్ కమిటీ వస్తే బీరువాలకి ధర కడతారు, లోపలివి కాటాకి వేస్తారు. అడగడానికి కాగితమ్ముక్క కూడా ఉండదు.

కరొలైనా_కరివేపాకు
తుమ్మచెట్టు గారూ, ఇది పేదరికం వల్ల వచ్చిన తిప్పలే అనుకోకండి. నేను నార్త్ కరొలైనాలో ఉంటాను. మా దగ్గర్లోనే డ్యూక్ యూనివర్సిటీ. వాళ్ల హెర్బేరియంలో 8,25,000 షీట్లు. అమెరికా యూనివర్సిటీల్లో పెద్దవాటిలో ఒకటి, దాదాపు వందేళ్లది. 2024 ఫిబ్రవరిలో యాజమాన్యం చెప్పేసింది, రెండు మూడేళ్లలో దీన్ని వేరే చోటికి పంపేస్తాం, మా దగ్గర ఉంచుకోలేం అని. ఆ యూనివర్సిటీ మూలనిధి వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. రూపాయలు కాదు, డాలర్లు. దేశదేశాల నుంచి వేలమంది వద్దని సంతకాలు పెట్టారు.

అంతకుముందు 2017లో లూసియానాలోని మన్రో యూనివర్సిటీ. అరవై లక్షల చేపలు, ఐదు లక్షల మొక్కలు. అవి ఉన్న చోట పరుగుపందెం ట్రాక్ పెంచాలని నిర్ణయించారు. కొద్ది నెలల గడువిచ్చి, ఈలోగా తీసుకెళ్లేవాళ్లు దొరక్కపోతే నాశనం చేస్తామన్నారు. మొక్కలు చివరికి టెక్సస్‌లో ఫోర్ట్ వర్త్‌లోని బొటానికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి చేరాయి.

కాబట్టి డబ్బున్నంత మాత్రాన నిలవదు. "ఇది మాది, దీన్ని చూసుకోవడం మా పని" అని పైవాళ్లు అనుకోవాలి. అలా అనుకునేలా ఎలా చేయాలో నాకూ తెలియదు.

కంకిపాడు_కుర్రాడు
ట్రాక్ కోసం అరవై లక్షల చేపలా 😳 వాటిలో ఒక్కటి ఈదినా గోల్డ్ మెడల్ వచ్చేది

లెక్కలపద్దు
నన్ను తిట్టుకున్నా పర్లేదు, అడగాల్సింది అడుగుతా. నేనూ ఒక యూనివర్సిటీ ఫైనాన్స్ సెక్షన్‌లో పనిచేశాను. హాస్టల్లో తాగునీళ్లు లేవని పిల్లలు రోడ్డెక్కుతారు. పెన్షన్లు ఆగిపోతాయి. గెస్ట్ ఫ్యాకల్టీకి నెలల తరబడి జీతం ఉండదు. అలాంటప్పుడు వచ్చి "పద్నాలుగు వేల ఎండుటాకులకి ఏసీ కావాలి" అంటే రిజిస్ట్రార్ ఏమంటాడు? పోయిన ఐదేళ్లలో ఆ గది తలుపు ఎంతమంది తట్టారు? అది చెప్పలేకపోతే కంప్యూటర్ ల్యాబే కరెక్ట్.

కొండగోగు
లెక్కలపద్దు గారూ, తలుపు తట్టేవాళ్లు ఏళ్ల తర్వాత వస్తారు, వచ్చినప్పుడు మాత్రం ఇంకెక్కడా దొరకనిది అడుగుతారు. రెండు సంగతులు చెప్తా.

1993లో అమెరికా నైరుతి రాష్ట్రాల్లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు ఊపిరాడక రోజుల్లో చనిపోయారు. ఎలుకల నుంచి వచ్చే హంటా వైరస్ అని తేలింది. ఇది కొత్తగా పుట్టిందా, ఎవరైనా ల్యాబ్‌లో తయారుచేశారా అని భయం. న్యూ మెక్సికో యూనివర్సిటీ మ్యూజియంలో ఏళ్ల క్రితం పట్టి దాచిన ఎలుకల కణజాలం ఉంది. పరీక్షిస్తే అందులోనూ అదే వైరస్. పాతదే, మనకే ఆలస్యంగా తెలిసింది. ఆ ఎలుకల్ని దాచినవాడికి ఈ వైరస్ పేరు కూడా తెలియదు.

రెండోది మన కలివికోడి అనే అరుదైన పిట్ట. 1900 తర్వాత కనబడలేదు, పోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో లంకమల దగ్గర దొరికింది. దానికోసం తెలుగుగంగ కాలువ దారే మార్చారు. అలాంటి పిట్ట గుడ్డు ఎలా ఉంటుందో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. అది ఎక్కడ దొరికిందనుకున్నారు? స్కాట్లాండ్‌లో, అబర్డీన్ యూనివర్సిటీ జంతుశాస్త్ర మ్యూజియం సొరుగులో. కోలార్ బంగారు గనుల్లో పశువైద్యుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ అనే ఆయన 1917లో సేకరించింది. మ్యూజియంలో ఉన్న పాత పిట్ట చర్మంతో డీఎన్ఏ పోల్చి 2013లో ఖాయం చేశారు. దాదాపు వందేళ్లు ఎవరూ ఆ సొరుగు తలుపు తట్టలేదండీ.

మసాలాదోశ
కలివికోడి గుడ్డు మనకి దొరికుంటే ఎవరో ఆమ్లెట్ వేసేవాళ్లు.

రాయచోటి_రాయి
మసాలాదోశ బ్రో, మా జిల్లా పిట్ట మీద జోకులొద్దు 😄 దానికోసం మేం భూములే వదిలాం.

లెక్కలపద్దు
కథలు బాగున్నాయి, ఒప్పుకుంటా. కానీ ఒక గుడ్డు బయటపడటానికి ఎన్ని సొరుగులు కాపాడాలి? మధ్యలో ఆ వందేళ్లు కరెంటు బిల్లు ఎవరు కట్టారు? నేనడిగేది అదే. తుమ్మచెట్టు గారు అడిగిందీ అదే కదా.

వడ్డీకాసులు
బ్యాంకు ఉద్యోగిని, అలవాటైన లెక్క చెప్తా. ఒక అసిస్టెంట్‌కి నెలకి 25 వేలు, ఏడాదికి 3 లక్షలు. మౌంటింగ్ పేపర్, మందులు, తేమ తీసే డీహ్యూమిడిఫయర్ కరెంటు, రిపేర్లు అన్నీ కలిపి 2 లక్షలు. మొత్తం 5 లక్షలు. దీన్ని ఏటా అడుక్కోకుండా ఉండాలంటే కార్పస్ ఫండ్ (వడ్డీ మీద నడిచే మూలనిధి) పెట్టాలి. 7 శాతం వడ్డీ వస్తుంది కదా, 71 లక్షలు చాలు అనుకుంటే పొరపాటు. ధరలు పెరుగుతాయి. వడ్డీ మొత్తం తినేస్తే పదేళ్లకి అదే డబ్బుతో సగం పనే అవుతుంది. ఏటా 4 శాతం మాత్రమే తీసి మిగతాది అసలులో కలపాలి. అంటే 1.25 కోట్లు.

పెద్ద మొత్తంలా ఉంది గానీ, ఒక బ్యాచ్ పూర్వ విద్యార్థుల్లో 250 మంది తలా 50 వేలు ఇస్తే వచ్చేది అంతే.

కంకిపాడు_కుర్రాడు
మా బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో రీయూనియన్ బిర్యానీకి 800 అడిగితేనే ముగ్గురు లెఫ్ట్ అయ్యారు.

కరొలైనా_కరివేపాకు
వడ్డీకాసులు గారూ, మాలాంటివాళ్లం పంపొచ్చా?

వడ్డీకాసులు
ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసేసుకుని ఉంటే మాత్రం విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు ఉన్నా సరే. అప్పుడు తీసుకునే సంస్థకి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉందా, లేక మినహాయింపు ఉందా అని డబ్బు పంపకముందే కనుక్కోవాలి. పంపాక కనుక్కుంటే ఖాతా చిక్కుల్లో పడుతుంది.

సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు) గురించి ఎవరో ఒకరు అడుగుతారని ముందే చెప్తున్నా. ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఇవ్వాలి, నిజమే. కానీ 2021లో నిబంధనలు మారాక కార్పస్‌లో వేసిన డబ్బు సీఎస్ఆర్ ఖర్చు కింద చెల్లదు. బీరువాలు అడగండి, ఫ్రీజర్ అడగండి, ఇస్తారు. జీతం అడగకండి.

పాతబీరువా
వడ్డీకాసులు గారి లెక్కలో తప్పులేదు. కానీ నేను చూసింది వేరు. మా దగ్గరా ఒక మూలనిధి ఉండేది, ఒక దాత కుటుంబం ఇచ్చింది. ఒక ఏడాది జీతాలకి కటకటైంది, "తాత్కాలికంగా" జనరల్ ఫండ్‌లోకి తీసుకున్నారు. తాత్కాలికం ఇంకా అవలేదు. ఆ సంగతి అడిగినందుకు నన్ను పరీక్షల విభాగానికి వేశారు. కాబట్టి డబ్బు కన్నా ముందు మనిషి. మంజూరైన పోస్టు ఒక్కటి, పేరు క్యూరేటర్ అవ్వొచ్చు, టెక్నికల్ అసిస్టెంట్ అవ్వొచ్చు. పోస్టు ఉంటే ఖాళీగా ఉన్నా బడ్జెట్‌లో ఒక గీత ఉంటుంది. ఆ గీత పోతే మళ్లీ రాదు. తుమ్మచెట్టు గారూ, మీ క్యూరేటర్ పోస్టు ఖాళీగా ఉందా, రద్దయిందా? ఇవి రెండూ వేరు.

లెక్కలపద్దు
ఈ ఒక్క విషయంలో మాస్టారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తా. చాలాకాలం ఖాళీగా ఉన్న పోస్టుల్ని సర్దుబాటు పేరుతో వేరే డిపార్ట్‌మెంట్‌కి మార్చేస్తారు. ఆ ఫైళ్లు నా చేతులమీదుగానే వెళ్లాయి. పోస్టుల రోస్టర్ అడిగి చూడండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టకండి, కోపాలొస్తాయి. సూపరింటెండెంట్‌తో టీ తాగండి.

వడ్డీకాసులు
మాస్టారూ, మీ మూలనిధి పోయిందంటే అది కాగితం సరిగ్గా రాసుకోకపోవడం వల్ల. విడిగా ట్రస్టు పెట్టి, యూనివర్సిటీకి వడ్డీ మాత్రమే ఇచ్చేలా, హెర్బేరియం మూసేస్తే అదీ ఆగిపోయేలా రాస్తే అసలు ముట్టుకోలేరు.

కొండగోగు
దీనికి మంచి ఉదాహరణ బర్క్‌లీ. 1908లో ఆనీ అలెగ్జాండర్ అనే ఆవిడ, హవాయి చెరకు వ్యాపార కుటుంబం, కాలిఫోర్నియా యూనివర్సిటీలో వెన్నెముక జంతువుల మ్యూజియం పెట్టించింది. డబ్బు ఊరికే ఇచ్చి ఊరుకోలేదు. డైరెక్టర్‌గా జోసెఫ్ గ్రిన్నెల్‌ని తనే ఎంచుకుంది. తనూ అడవుల్లో తిరిగి నమూనాలు తెచ్చింది. గ్రిన్నెల్ బృందం యోసెమిటీలో ఏ ఎలుక ఎంత ఎత్తులో దొరికిందో నోట్‌బుక్కుల్లో రాసి పెట్టింది. దాదాపు నూరేళ్ల తర్వాత అవే చోట్లకి మళ్లీ వెళ్లి చూస్తే, 28 చిన్న క్షీరదాల్లో సగం దాదాపు 500 మీటర్లు పైకి జరిగాయని 2008లో తేలింది. వేడి పెరిగిందని కొండలే సాక్ష్యం చెప్పాయి. అది దాత షరతులు పెట్టబట్టి నిలిచింది.

లెక్కలపద్దు
మన దాతలూ షరతులు పెడతారు. గేటు మీద పేరు అడుగున్నర ఎత్తు ఉండాలని.

చందమామ_చేప
జువాలజీ తరఫున నా గోడు కూడా వినండి. మీవి ఎండినవి, బతికిపోయారు. మావి సీసాల్లో. ఆల్కహాల్ ఆవిరైపోతుంది, నింపుతూ ఉండాలి. ఇథనాల్ కొనాలంటే ఎక్సైజ్ అనుమతి, దానికి ఒక ఫైలు, ఆ ఫైలు మీద "ఇంత ఆల్కహాల్ ఎందుకు" అని ఒక ప్రశ్న. ఈలోగా చేప సగం బయటికొచ్చి ఎండిపోతుంది. యూజీసీ డిసెక్షన్లు ఆపమన్నాక మ్యూజియం ఎందుకు అన్నవాళ్లూ ఉన్నారు. కోయడం వద్దంటే, ఇదివరకే ఉన్నవాటి విలువ పెరగాలి కదా? మా దగ్గర తర్కం రివర్స్.

కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ టీమ్ వచ్చిన రోజు మాత్రం సీసాలన్నీ తుడిచి పూలమాల వేసినంత పని చేస్తారు. మర్నాడు తాళం.

మసాలాదోశ
న్యాక్ వాళ్లు ప్రతి నెలా రావాలని మొక్కుకోండి.

అడవిబాట
నేను అటవీశాఖ. సూటిగా ఒక మాట, ఎందుకీ తాపత్రయం? హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే వాళ్ల దక్కన్ కేంద్రం ఉంది. వాళ్లకి ఇచ్చేయండి. కేంద్ర ప్రభుత్వం, పర్మనెంట్ స్టాఫ్, పని తెలిసినవాళ్లు. జీవవైవిధ్య చట్టం 2002, 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి కనుక్కుంటే వోచర్ నమూనాని (ఆధారంగా దాచే నమూనా) ఎలాగూ ప్రభుత్వం గుర్తించిన రిపాజిటరీకి (భద్రపరిచే సంస్థకి) ఇవ్వాల్సిందే. యూనివర్సిటీలో చెదలు తినేదానికన్నా అక్కడ ఉండటం మేలు కాదా?

పాతబీరువా
మేలే, చివరి దారిగా. కానీ ఇచ్చేస్తే మీ ఎమ్మెస్సీ పిల్ల మొక్కని ఎలా గుర్తుపడుతుంది? మా రోజుల్లో పూలు ముందు పెట్టుకుని, కీ (లక్షణాలు చూసి పేరు తేల్చే పట్టిక) చదువుకుని, షీటు పక్కన పెట్టి పోల్చితే గానీ గడ్డిజాతి పేరు తేలేది కాదు. ఈస్టిండియా కంపెనీ కాలం వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ సామర్లకోటలో కూచుని మన మొక్కలకి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆయన వేయించిన బొమ్మల్లో ఒక సెట్టు లండన్ క్యూ గార్డెన్స్‌కి చేరింది. ఇంకోసారి అదే ఎందుకు?

డూప్లికేట్లు ఇవ్వండి. ఒకే మొక్క నుంచి ఒకే రోజు తీసిన షీట్లు రెండు మూడు ఉంటాయి. ఒకటి హైదరాబాద్‌లో, ఒకటి మీ దగ్గర. ఒకచోట నిప్పంటుకున్నా ఇంకోచోట ఉంటుంది.

కరొలైనా_కరివేపాకు
నిప్పు అన్నారు కాబట్టి. 2018 సెప్టెంబర్ 2, రియో డి జనీరోలో బ్రెజిల్ నేషనల్ మ్యూజియం. అదీ యూనివర్సిటీదే, రియో ఫెడరల్ యూనివర్సిటీది. రెండు కోట్ల వస్తువులున్న చోటు, ఒక్క రాత్రిలో చాలామటుకు బూడిద. ఆడిటోరియంలో ఏసీ దగ్గర మొదలైంది. ఫైరింజన్లు వచ్చేసరికి దగ్గరున్న హైడ్రంట్లలో నీళ్లు లేవు. ఏళ్లుగా నిర్వహణ డబ్బు తెగ్గోస్తూ వచ్చారు. అక్కడ మిగిలినవాటిలో హెర్బేరియం ఒకటి. ఎందుకంటే అది వేరే బిల్డింగ్‌లో ఉంది.

అంతకు రెండేళ్ల ముందే, 2016 ఏప్రిల్లో మన ఢిల్లీ నేచురల్ హిస్టరీ మ్యూజియం కూడా కాలిపోయింది.

చందమామ_చేప
ఆల్కహాల్ సీసాల గదిలో పనిచేసేదాన్ని, రాత్రి ఇవి చదివించకండి. టెన్షన్‌తో నిద్ర పట్టదు.

తుమ్మచెట్టు
రెండు రోజులు గదిలోనే కూచున్నాను. చెప్తా.

ఎర్ర ఫోల్డర్లు నాలుగు కాదు, ఆరు. రెండు వేరే కుటుంబం బీరువాలో పడి ఉన్నాయి. పోస్టు రద్దవలేదు. సూపరింటెండెంట్ గారితో టీ తాగాను (లెక్కలపద్దు గారికి థాంక్స్). ఖాళీ అని చూపించారు, కానీ పక్కన పెన్సిల్‌తో "కంప్యూటర్ సైన్స్‌కి?" అని ఉంది. ప్రశ్నార్థకంతో సహా.

ఇంకొకటి. 1974 నాటి షీట్లు ఒక కట్ట దొరికింది. కృష్ణ ఒడ్డున ఒక పల్లె, "బాట పక్క, ఇసుక నేల, పశువులు ముట్టవు" అని చేతిరాత. ఆ ఊరు శ్రీశైలం రిజర్వాయర్ కింద ఉంది. మా అమ్మమ్మ వాళ్ల మండలమే. ఆవిడకి ఫోన్ చేసి ఆ మొక్క గురించి చెప్తే, "దాంతో దిష్టి తీసేవాళ్లం" అంది. ఆ మాట షీటు మీద లేదు. నేను రాసి పెట్టాను, పెన్సిల్‌తో, తేదీ వేసి.

పాతబీరువా
పేరు కూడా వేయండి. ఎవరు చెప్పారో లేకపోతే నోట్‌కి విలువ లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. పాత షీట్లు ఉత్త చేతులతో ముట్టుకోకండి. పురుగు పట్టకుండా అప్పట్లో మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవాళ్లం. అది పాదరసం విషం, ఏళ్లు గడిచినా పోదు. గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తీసి పెట్టండి. మేం అన్నం కూడా ఆ బల్ల మీదే తిన్నాం, అది వేరే సంగతి.

లెక్కలపద్దు
పెన్సిల్ ప్రశ్నార్థకం అంటే ఇంకా టైముంది. ఇప్పుడు నేను రిజిస్ట్రార్ని అనుకోండి. "శాస్త్రానికి అవసరం" అని రాస్తే ఫైలు పక్కన పెడతా. "ఈ ఏడాది ఇంతమంది వాడుకున్నారు, ఇంత ఆదాయం వచ్చింది, తీసేస్తే ఈ చట్టపరమైన చిక్కు" అని రాస్తే చదువుతా. వాడుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా నిజంగా?

తుమ్మచెట్టు
ఫార్మసీ కాలేజీల పిల్లలు వస్తారు, మొక్క సరైనదేనని సర్టిఫికెట్ కోసం. సగంమంది ప్లాస్టిక్ కవర్లో పొడి తెస్తారు, "మేడమ్ ఇది తిప్పతీగే, సంతకం పెట్టండి" అని. పొడి చూసి సంతకం పెట్టనంటే అలుగుతారు. ఏడాదికి వందమంది దాకా వస్తారేమో. ఇప్పటిదాకా రాసిపెట్టలేదు, ఫీజూ తీసుకోలేదు.

లెక్కలపద్దు
వందమందా! రాసిపెట్టలేదా! అమ్మా, మీరు బంగారం మీద కూచుని బిచ్చమెత్తుతున్నారు. మనిషికి 500 ఫీజు పెట్టండి, చలానా ద్వారా, యూనివర్సిటీ ఖాతాకే. 50 వేలు పెద్ద మొత్తం కాదు, కానీ ఆదాయం కింద ఒక పద్దు తెరుచుకుంటుంది. ఆదాయం వచ్చే గదిని కంప్యూటర్ ల్యాబ్‌గా మార్చడానికి ఎవరూ తొందరపడరు. రేపటినుంచే సందర్శకుల రిజిస్టర్ పెట్టండి.

కొండగోగు
ఫీజుతో పాటు ఇంకోటి. ప్రతి సర్టిఫికెట్ మీదా వోచర్ నంబర్, హెర్బేరియం కోడ్ ఇవ్వండి. వాళ్ల పేపర్లో ఆ కోడ్ ఉంటే సైటేషన్ మీకు లెక్కకొస్తుంది. షీట్ల వివరాలు, ప్రపంచ జీవవైవిధ్య రికార్డుల ఉమ్మడి వేదిక జీబీఐఎఫ్‌లో పెడితే మీ డేటాసెట్‌కి ఒక డీఓఐ (శాశ్వత గుర్తింపు నంబర్) ఇస్తారు. ఎవరెవరు వాడుకుని పేపర్లు రాశారో అక్కడే కనబడుతుంది. స్కానర్ ఉందన్నారుగా.

తుమ్మచెట్టు
స్కానర్ ఉంది. స్కాన్ చేసిన హార్డ్ డిస్క్ చచ్చిపోయింది. కాపీ లేదు. షీట్లు మాత్రం బానే ఉన్నాయి.

మసాలాదోశ
చూశారా, జాడీ కడగనందుకు ఆవకాయ మిగిలింది.

అడవిబాట
సరే, నా మాట వెనక్కి తీసుకోను గానీ కొంచెం మారుస్తా. డూప్లికేట్లు పంపండి, మిగతావి ఉంచండి. మా డివిజన్లో వర్కింగ్ ప్లాన్ (అడవి నిర్వహణ ప్రణాళిక) రాసేటప్పుడు మొక్కల జాబితా కావాలి. పాత రికార్డులు చూసుకోవడానికి మా వాళ్లని మీ దగ్గరకి పంపిస్తా, ఉత్తరం ఇచ్చి. ఆ ఉత్తరం మీ రిజిస్టర్లో అతికించుకోండి.

చందమామ_చేప
తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కాలేజీలో 1967లో మొదలైన రాపినాట్ హెర్బేరియం, ముంబై సెయింట్ జేవియర్స్‌లో బ్లాటర్ హెర్బేరియం. రెండూ కాలేజీల్లోవే, సర్వే సంస్థలు కావు. ఒక ఫాదర్ పోతే ఇంకో ఫాదర్ వచ్చి చూసుకున్నారు. మనకా ఏర్పాటు లేదు, మన దగ్గర రిటైర్మెంట్ అంటే తాళంచెవి ఇచ్చేయడమే. శిష్యుల్ని తయారుచేయకపోతే పోస్టున్నా కూచోడానికి మొక్క తెలిసినవాడు దొరకడు. ఇది మాత్రం సీనియర్ల తప్పే, పాతబీరువా గారు కోపగించుకోకపోతే.

పాతబీరువా
కోపం లేదు. నా దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లలో ఒక్కడు కూడా ఇప్పుడు షీటు ముట్టడం లేదు. ఒకడు రియల్ ఎస్టేట్, బాగా సంపాదించాడు. వాణ్ణి వడ్డీకాసులు గారికి పరిచయం చేస్తా.

తుమ్మచెట్టు
పది రోజుల తర్వాత చెప్తున్నా. హెడ్ గారు ఖాళీ చేయడం అకడమిక్ ఇయర్ చివరిదాకా ఆపారు, నోటితో. నోటితో వద్దు సార్, కాగితం ఇవ్వండి అన్నాను. "నువ్వు మారిపోయావమ్మా" అన్నారు. కాగితం రాలేదింకా. స్టాక్ రిజిస్టర్లో షీట్లు నంబర్లతో ఎక్కించడం మొదలుపెట్టాను, ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలు సాయం. ఇప్పటికి 1,140 అయ్యాయి. సర్టిఫికెట్ ఫీజు ప్రతిపాదన ఫైలు పైకెళ్లింది.

ఒక సమస్య. పదకొండో బీరువాలో సన్న పురుగు పట్టింది, కాగితానికి సూది బెజ్జాలు. కలరా ఉండలకి లొంగట్లేదు. ఏం చేయాలి?

పాతబీరువా
సిగరెట్ బీటిల్ అయి ఉంటుంది. మందు వద్దు. షీట్లు పాలిథిన్ కవర్లో గాలి పోకుండా బిగించి, డీప్ ఫ్రీజర్లో మైనస్ 20 దగ్గర వారం ఉంచండి. బయటికి తీశాక వెంటనే కవర్ విప్పకండి, చల్లటి షీటు మీద చెమ్మ దిగుతుంది. ఒకరోజు ఆగి విప్పండి. నెలకి మళ్లీ ఇంకోసారి.

తుమ్మచెట్టు
డీప్ ఫ్రీజర్ లేదు మాస్టారూ.

కంకిపాడు_కుర్రాడు
మేడమ్, మా మామయ్య ఐస్‌క్రీం పార్లర్ మూసేశాడు. మూత పైకి తెరుచుకునే పెద్ద ఫ్రీజర్, మూడేళ్లది, ఊరికే పడుంది. మీది ఏ ఊరో మెసేజ్ పెట్టండి, వ్యాన్‌లో వేసి పంపిస్తా. గీతలున్నాయి, మీద మామిడిపండు ఐస్‌క్రీం బొమ్మ ఉంది, అది ఊడదు.

లెక్కలపద్దు
విరాళం ఉత్తరం రాయించుకోండి. ఫ్రీజర్ లోపల పెట్టబోయేవి కూడా అందులో రాయండి, "హెర్బేరియం నమూనాల సంరక్షణ నిమిత్తం" అని. స్టాక్ రిజిస్టర్లో రెండూ ఒకే పేజీలో రావాలి.

రాయచోటి_రాయి
నేను డబ్బివ్వలేను గానీ మా ఇంట్లో పాత పేపర్లు మూడేళ్లవి ఉన్నాయి. మొక్కలు ఆరబెట్టడానికి పనికొస్తాయా?

తుమ్మచెట్టు
కచ్చితంగా! ఆదివారం అనుబంధాలు మాత్రం తీసేసి పంపండన్నా. నున్నటి కాగితం తడి పీల్చదు.